ఓడలు కనబడని రేవు: విట్బీ గురించి అడిగారు కాబట్టి

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండు ఈశాన్యాన ఉన్న మిడిల్స్‌బ్రోలో చదువుకుంటున్న అమ్మాయిని చూడ్డానికి అక్టోబరు చివర్లో వచ్చారు. ఒకరోజు ఖాళీ దొరికితే బస్సెక్కి, అదే తీరంలో ఉన్న విట్బీ వెళ్ళొచ్చారు. "రేవు పట్టణం అన్నారు గానీ ఒక్క సరుకు ఓడ కూడా కనబడలేదు. బురదలో ఒరిగిన పడవలు, చేపల వేపుడు వాసన, నల్ల గౌన్లు వేసుకుని తిరిగే మనుషులు. అసలిదేం రేవండీ? ఈ ఊరు దేనిమీద బతుకుతోంది?" అన్నారు.

మంచి ప్రశ్న. చాలామంది ఇలాంటివి అడగరు, ఫొటో దిగి వచ్చేస్తారు. నేను పుట్టింది బందరులో. ఉద్యోగమంతా రేవుల్లో ఇసుక తోడించే పనే, అందులో చివరి పద్ధెనిమిదేళ్ళు ఇక్కడ టీస్ నది ఒడ్డున. ఇప్పుడు రిటైరయ్యాను. రేవు పూడిపోతే ఊరు ఎలా చిన్నబోతుందో చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ని. అందుకే విట్బీ అంటే నాకు కాస్త పక్షపాతం, ముందే ఒప్పేసుకుంటున్నా.

బురద సంగతి ముందు తేల్చేద్దాం. మీరు ఆటు వేళ వెళ్ళారు, అంతే. విట్బీలో పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య తేడా నాలుగైదు మీటర్లుంటుంది, మన కోస్తాలో కనబడేదానికి రెండుమూడు రెట్లు. ఎస్క్ అనే చిన్న నది ఊరిని రెండుగా కోసుకుంటూ ఉత్తరానికి పారి సముద్రంలో కలుస్తుంది. తూర్పు తీరంలో ఉన్న ఊరే, కానీ రేవు మొగ మాత్రం ఉత్తరం వైపు తెరుచుకుని ఉంటుంది. అందుకే జూన్ నెలలో పొడుగు పగళ్ళప్పుడు జెట్టీ చివర నిలబడితే సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు, సముద్రంలోనే దిగుతాడు. ఇంగ్లండు తూర్పు తీరంలో ఇలాంటి చోట్లు అరుదు. ఆ మొగే ఈ రేవు కష్టానికీ మూలం. ఉత్తరపు గాలి తిరిగిందంటే అలలు తిన్నగా లోపలికి దూరతాయి. మొగకు రెండువైపులా వంకర చేతుల్లా రాతి జెట్టీలు, వాటి కొసల్లో 19వ శతాబ్దపు దీపస్తంభాలు చూసే ఉంటారు. అవి చాలక మొదటి ప్రపంచయుద్ధానికి ముందు వాటికి ఇంకా పొడిగింపులు కట్టారు. అయినా ఇసుక వచ్చి మేటవేస్తూనే ఉంటుంది, తోడుతూనే ఉండాలి. పెద్ద సరుకు ఓడ ఇక్కడికి రావాలన్నా రాలేదు. లోతు లేదు, మలుపు తిరగడానికి చోటూ లేదు.

మరి ఇంత ఇరుకు మొగ ఉన్న ఊరు, 18వ శతాబ్దం చివర్లో ఓడలు కట్టడంలో లండన్, న్యూకాజిల్ తర్వాత మూడో స్థానంలో ఉండేదంటే నమ్ముతారా? దాని వెనక ఉన్నది బంగారం కాదు, మసాలాలు కాదు, పటిక.

అవును, మనం గడ్డం గీసుకున్నాక రాసుకునే పటికే. కానీ దాని అసలు గిరాకీ అద్దకంలో. మా బందరు పక్కన పెడనలో కలంకారీ అద్దేవాళ్ళని అడిగితే చెబుతారు, గుడ్డమీద పటిక పెట్టిన చోటే ఎరుపు పట్టి నిలుస్తుంది, పెట్టని చోట ఉతికితే పోతుంది. ఇంగ్లండుకు ఉన్ని బట్టల వ్యాపారమే ప్రాణం. పటికేమో ఇటలీ నుంచి, అదీ పోపు గారి గనుల నుంచి కొనాల్సి వచ్చేది. ఎనిమిదో హెన్రీ రాజు పోపుతో తెగతెంపులు చేసుకున్నాక ఆ సంగతి మరీ ఇబ్బంది అయింది. 1600ల మొదట్లో ఈ యార్క్‌షైర్ కొండచరియల్లోని బూడిదరంగు పలకరాయిలో పటిక ఉందని కనుక్కుని తవ్వడం మొదలుపెట్టారు.

ఆ తయారీ గురించి చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. తవ్విన రాయిని కట్టెల మీద కొండంత కుప్పపోసి నిప్పుపెట్టేవారు. ఆ కుప్ప నెలల తరబడి, తొమ్మిది నెలల దాకా, కాలుతూ ఉండేది. తర్వాత గుంటల్లో నీళ్ళు పోసి నానబెట్టి, ఆ ద్రవాన్ని పెద్ద పెనాల్లో మరిగించేవారు. పటిక పలుకు కట్టాలంటే అందులో పొటాష్ గానీ అమ్మోనియా గానీ కలవాలి. పొటాష్‌కి సముద్రపు నాచు కాల్చిన బూడిద వాడేవారు. అమ్మోనియాకి మనిషి మూత్రం. ఊళ్ళో జనం పోసేది చాలక లండన్, న్యూకాజిల్ నుంచి పీపాల్లో నింపి ఓడలమీద తెప్పించేవారు. పాకం సరైన చిక్కదనానికి వచ్చిందో లేదో చూడ్డానికి కోడిగుడ్డు వేసేవారట, తేలితే దించేయడమే. టన్ను పటికకి పదుల టన్నుల రాయి తవ్వాలి. శాండ్సెండ్, కెటిల్‌నెస్, రేవన్స్‌కార్ దగ్గర తీరమంతా కొరికేసినట్టు కనబడేది అందుకే. ప్రకృతి అలా చెక్కలేదు, రెండున్నర శతాబ్దాల పాటు మనుషులు తిన్నారు దాన్ని.

ఇక్కడే అసలు కిటుకు. పెనాలు మరగాలంటే బొగ్గు కావాలి. విట్బీ దగ్గర బొగ్గు లేదు, న్యూకాజిల్ వైపు నుంచి రావాలి. బొగ్గు తేవడానికి ఓడలు, పటిక తీసుకెళ్ళడానికి ఓడలు, మూత్రం పీపాలకీ ఓడలే. అలా ఊరు ఓడలు కట్టడం నేర్చుకుంది. నేర్చుకున్నాక పటికతో పనిలేకుండా న్యూకాజిల్ బొగ్గును లండనుకు చేరవేసే వ్యాపారంలోకి దిగింది. తమది కాని సరుకును, తమది కాని రేవు నుంచి ఇంకో రేవుకు మోసి డబ్బు చేసుకున్న ఊరు ఇది. రసాయనపు రంగులు, చవగ్గా పటిక చేసే కొత్త పద్ధతులు వచ్చి 1871 నాటికి ఈ తీరంలో పటిక పని మూతపడింది గానీ, అప్పటికి ఊరు ఎప్పుడో వేరే దారులు పట్టేసింది.

ఆ బొగ్గు ఓడల్ని 'క్యాట్' అనేవారు. చూడ్డానికి అందం లేదు, ముందు భాగం మొద్దుగా, అడుగు బల్లపరుపుగా ఉండేవి. అందులోనే ఉంది తెలివి. ఆటు వచ్చి నీళ్ళు తగ్గితే పక్కకు ఒరగకుండా ఇసుక మీద నిటారుగా కూర్చుంటుంది. జెట్టీ అక్కర్లేదు, ఎక్కడైనా ఒడ్డుకు తోసి సరుకు దించుకోవచ్చు. ఒరిగిన పడవల్ని చూసి మీరు నవ్వుకున్న బురదే ఈ ఓడల రూపాన్ని నిర్ణయించిందన్నమాట.

ఇక పేరుమోసిన నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్. మీ అమ్మాయి ఉంటున్న మిడిల్స్‌బ్రోలోనే ఇప్పుడు కలిసిపోయిన మార్టన్ అనే పల్లెలో 1728లో పుట్టాడు, పొలాల్లో పనిచేసుకునే ఇల్లు. స్టెయిత్స్ అనే జాలరి పల్లెలో కొట్లో సరుకులు కట్టడానికి చేరి, ఏడాదిన్నరకి విసుగెత్తి, 1746లో విట్బీ వచ్చి జాన్ వాకర్ అనే ఓడల యజమాని (క్వేకర్లనే క్రైస్తవ శాఖవాడు) దగ్గర పని నేర్చుకోవడానికి కుదిరాడు. ఆ ఇల్లు గ్రేప్ లేన్‌లో ఇప్పటికీ ఉంది, మ్యూజియం చేశారు. పని నేర్చుకునే కుర్రాళ్ళు పడుకునే అటక కూడా చూపిస్తారు. ఓ తొమ్మిదేళ్ళు ఎక్కువగా ఈ బొగ్గు ఓడల మీదే తిరిగి, 1755లో నౌకాదళంలో చేరాడు.

1768లో దక్షిణ సముద్రాలకు పంపడానికి నౌకాదళం ఒక ఓడ కొన్నది. యుద్ధనౌక కాదు, విట్బీలో 1764లో ఫిష్‌బర్న్ యార్డులో కట్టిన బొగ్గు ఓడ. దానికే 'ఎండెవర్' అని పేరు మార్చి కుక్ చేతికిచ్చారు. తర్వాతి ప్రయాణాలకు వాడిన రెజొల్యూషన్, అడ్వెంచర్, డిస్కవరీ కూడా విట్బీవే. ఎందుకంటే 1770లో ఆస్ట్రేలియా దగ్గర పగడపు దిబ్బకు ఎండెవర్ గుద్దుకుంది. మామూలు ఓడైతే అక్కడితో కథ అయిపోయేది. ఇది బల్లపరుపు అడుగు గనక ఒక నది మొగలోకి తీసుకెళ్ళి ఒడ్డెక్కించి, వారాల తరబడి కూర్చుని బాగుచేసుకున్నారు. అడుగున పడ్డ చిల్లులో పగడపు ముక్క ఒకటి విరిగి బిరడాలా ఇరుక్కుపోయి ఉందట. వెస్ట్ క్లిఫ్ మీద ఆయన విగ్రహం సముద్రంవైపు చూస్తూ ఉంటుంది. నావికుడిగా ఆయన్ను తక్కువ చేయలేం. కానీ ఆ ఓడ వెళ్ళిన చోట్ల జనాలకు తర్వాత జరిగిందేమిటో మనకు చెప్పక్కర్లేదు, మన తీరానికీ అలాగే వ్యాపారం పేరుతో వచ్చారుగా. బందరులో ఇంగ్లీషువాళ్ళ ఫ్యాక్టరీ 1611లోనే పెట్టారు.

ఆ విగ్రహం పక్కన తిమింగలం దవడ ఎముకల తోరణం కింద మీరు ఫొటో దిగే ఉంటారు. ఇప్పుడున్నది 2003లో అలాస్కా నుంచి వచ్చింది. అంతకుముందువి పాడైపోయాయి. 1753 నుంచి ఎనభై ఏళ్ళకు పైగా ఈ ఊరి ఓడలు గ్రీన్‌లాండ్ వైపు తిమింగలాల వేటకు వెళ్ళేవి. విలియం స్కోర్స్‌బీ అనే కెప్టెన్ 500కు పైగా తిమింగలాల్ని పట్టాడు. తెరచాప కొయ్య మీద మనిషి చలికి చావకుండా నిలబడి చూడ్డానికి పీపా కట్టిన ఆలోచన, 'కాకిగూడు' అంటారే, అది ఆయనదే. ఆయన కొడుకు కూడా విలియమే, ఆర్కిటిక్ మంచు గురించి శాస్త్రీయంగా రాసిన తొలివాళ్ళలో ఒకడు. చివరికి చర్చి ఫాదరయ్యాడు. ఇంట్లో దీపాలకు గ్యాసు వచ్చాక, తిమింగలాలూ తగ్గాక ఆ పనీ ఆగింది.

ఇంకోసారి కొండచరియే ఆదుకుంది. జెట్ అనే నల్లరాయి. నిజానికి రాయి కాదు, దాదాపు 18 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున బురదలో కూరుకుపోయిన చెట్టు కర్ర. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, వెచ్చగా ఉంటుంది. ఉన్నిబట్ట మీద రుద్దితే కాగితం ముక్కల్ని లాగుతుంది. 1861లో భర్త ఆల్బర్ట్ చనిపోయాక విక్టోరియా రాణి బతికినన్నాళ్ళూ నల్లదుస్తులే వేసింది. రాణి చేస్తే దేశమంతా చేసింది. మనకు చావుకి తెలుపు, వాళ్ళకి నలుపు. నల్లబట్టల మీదకి నల్లనగలు కావాలిగా. 1870ల్లో ఈ చిన్న ఊళ్ళో వెయ్యిమందికి పైగా జెట్ చెక్కే పనిలో ఉండేవారు. తర్వాత ఫ్యాషన్ మారింది, నల్లగాజు నకళ్ళు వచ్చాయి, పదిహేనేళ్ళలో కూలిపోయింది. చర్చి స్ట్రీట్‌లో ఒక పాత పనిశాలను, ఎక్కడో అటక మీద మూసేసి ఉన్నదాన్ని విప్పి తెచ్చి, ఉన్నదున్నట్టు మళ్ళీ పెట్టారు. చూడండి. కొనేటట్టయితే ఒక చిన్న పరీక్ష: మెరుగు లేని పింగాణీ పలక మీద గీస్తే అసలు జెట్ గీత గోధుమరంగులో పడుతుంది. దుకాణంవాడు గీయనిస్తాడో లేదో మాత్రం నేను చెప్పలేను.

ఆ చరియల్లోనే దొరికే ఇంకో వస్తువు మనవాళ్ళకి బాగా తెలుసు, పేరే వేరు. చుట్టచుట్టుకున్న పాములాంటి రాళ్ళు, ఆమొనైట్లు. గండకీ నదిలో దొరికే మన సాలగ్రామాలు కూడా ఆ జాతి ప్రాణుల శిలాజాలే. ఇక్కడివాళ్ళు వాటిని పాములనుకున్నారు. కొండమీద మఠం కట్టబోతూ హిల్డ్ అనే సన్యాసిని పాములన్నిటినీ రాళ్ళుగా మార్చేసిందని కథ. మరి తలలేవీ అంటే సమాధానం ఉండాలిగా, అందుకని వ్యాపారులు వాటికి పాముతలలు చెక్కి అమ్మేవారు. ఊరి చిహ్నంలో కూడా మూడు ఆమొనైట్లున్నాయి. మనం పూజలో పెట్టుకున్నాం, వాళ్ళు తలలు చెక్కి అమ్ముకున్నారు.

హిల్డ్ మాత్రం కథ కాదు. 657లో ఆమె పెద్దగా ఉండి నడిపిన మఠంలో మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఇద్దరూ ఉండేవారు. 664లో అక్కడ జరిగిన సభ ఇంగ్లండు చరిత్రలో పెద్ద మలుపంటారు. తగాదా దేనిమీదో చెబితే నవ్వొస్తుంది మనకి, ఈస్టర్ ఏరోజు చేసుకోవాలన్నదాని మీద. రాజు ఓస్వియు ఐర్లండు సన్యాసుల లెక్క పాటించేవాడు, రాణి రోము లెక్క. ఆయన పండగ భోజనం చేస్తుంటే ఆమె ఇంకా ఉపవాసంలో ఉండేది. మన ఇళ్ళల్లో ఉగాదికీ దీపావళికీ ఏటా ఏ పంచాంగం పట్టుకోవాలని జరిగే రభసే. అక్కడ రోము లెక్క గెలిచింది. ఆ మఠంలోనే కాడ్మన్ అనే పశువుల కాపరి ఉండేవాడు. పాటలు పాడమంటారేమోనని సిగ్గుతో విందుల నుంచి లేచిపోయేవాడట, కలలో వచ్చి ఎవరో పాడమన్నారట. పేరు తెలిసిన మొట్టమొదటి ఇంగ్లీషు కవి ఆయనే. మీరు చూసిన శిథిలాలు మాత్రం ఆ కాలంవి కావు, సముద్రం దాటొచ్చిన డేన్లు, అంటే వైకింగులు, దాన్ని 867లో నాశనం చేశాక తర్వాత శతాబ్దాల్లో కట్టిన మఠానివి. దాన్నీ 1539లో ఎనిమిదో హెన్రీ మూయించాడు. మధ్య గోపురం 1830లో దానంతటదే కూలింది. 1914 డిసెంబరులో జర్మన్ యుద్ధనౌకలు వచ్చి ఇంకొంత కొట్టాయి.

ఇప్పుడు నల్ల గౌన్ల వాళ్ళ సంగతి. 1890 వేసవిలో, రక్తం తాగే 'డ్రాక్యులా' నవల రాసిన బ్రామ్ స్టోకర్ ఇక్కడికి సెలవులకొచ్చాడు. రేవు పక్కన ఉన్న గ్రంథాలయంలో పాత పుస్తకం తిరగేస్తుంటే 'డ్రాక్యులా' అన్న పేరు తగిలింది. అయిదేళ్ళ ముందు, 1885లో, నార్వా నుంచి వచ్చిన 'దిమిత్రి' అనే రష్యా ఓడ టేట్ హిల్ ఇసుకలో ఒడ్డెక్కిందని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. 1897లో వచ్చిన నవలలో అది వార్నా నుంచి వచ్చిన 'డిమిటర్' అయింది. ఓడలోంచి పెద్ద కుక్క ఒకటి దూకి కొండవైపు పరుగెడుతుంది. అంతే, అంత మాత్రం ఆధారానికి ఊరు ఈనాటికీ తిండి తింటోంది. 1994లో మొదలైన గాత్ వీకెండ్‌కి దేశం నలుమూలల నుంచీ జనం నల్లబట్టల్లో వస్తారు. మీరు సరిగ్గా ఆ రోజుల్లోనే వెళ్ళినట్టున్నారు. కొండమీది సెయింట్ మేరీ చర్చిలో డ్రాక్యులా సమాధి ఎక్కడని అడిగేవాళ్ళ బాధ పడలేక, అలాంటిది లేదు, అడక్కండని బోర్డు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ చర్చికి వెళ్ళే 199 మెట్ల మధ్యలో వెడల్పాటి బల్లలుంటాయి, అలసినవాళ్ళ కోసమని కూర్చుంటాం. అవి శవపేటిక మోసేవాళ్ళు దించి ఊపిరి తీసుకోవడానికి పెట్టినవి.

దెయ్యాల కథ కావాలనుకునేవాళ్ళకి ఆ చర్చి స్మశానమే చాలు. కొండ అంచు విరిగిపడుతోంది. 2012, 13 ప్రాంతంలో వానలకు చరియ జారి పాత ఎముకలు కిందికి రాలాయి. కింద హెన్రియెటా స్ట్రీట్‌లో 1787లో ఒక పెద్ద ముక్క వీధిని తీసుకుపోయింది. అదే వీధిలో 1872 నుంచి హెర్రింగ్ చేపల్ని పొగబెట్టే ఫార్చ్యూన్స్ వాళ్ళ కొట్టుంది. మన ఎండుచేపల వాసనకి అలవాటుపడ్డవాళ్ళకి అక్కడ ఇల్లు గుర్తొస్తుంది.

నాకు మాత్రం విట్బీ అంటే డ్రాక్యులా కాదు, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే లైఫ్‌బోట్లు. 1861 ఫిబ్రవరి 9న తుపానులో లైఫ్‌బోటు వాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి అయిదు ఓడల మనుషుల్ని ఒడ్డుకు చేర్చి, ఆరోసారి వెళ్ళి జెట్టీ దగ్గరే, ఊరంతా చూస్తుండగా బోల్తాపడ్డారు. పదముగ్గురిలో పన్నెండుమంది పోయారు. మిగిలిన హెన్రీ ఫ్రీమన్ ఒక్కడే నీళ్ళలో తేల్చే బెండు కోటు వేసుకున్నాడు. ఆ తర్వాత ఆ బెండు కోటు గురించి ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది. 1881 జనవరిలో పక్కన రాబిన్ హుడ్స్ బే దగ్గర ఓడ మునుగుతుంటే, సముద్రం మీద వెళ్ళే వీలులేక, ఇక్కడి బోటును గుర్రాలకు కట్టి, మంచు తవ్వుకుంటూ ఆరు మైళ్ళు కొండల మీదుగా లాక్కెళ్ళి దింపారు.

అన్నిటికంటే 'రోహిల్లా'. పేరు వింటే మన దేశం గుర్తొస్తుంది, అది బ్రిటిష్ ఇండియా కంపెనీ కోసం 1906లో కట్టిన ఓడే. యుద్ధం రాగానే ఆస్పత్రి ఓడగా మార్చారు. 1914 అక్టోబరు 30 తెల్లవారుజామున, గాయపడ్డవాళ్ళని తీసుకురావడానికి డన్‌కర్క్ వెళ్తూ, యుద్ధం వల్ల తీరమంతా దీపాలార్పిన చీకట్లో సాల్ట్‌విక్ రాళ్ళ మీదికెక్కింది. ఒడ్డుకి కొన్ని వందల గజాలే. 229 మంది ఉన్నారు. ఊరివాళ్ళు లైఫ్‌బోటును రాళ్ళమీదుగా మోసుకెళ్ళి రెండుసార్లలో 35 మందిని తెచ్చారు, అప్పటికి బోటు అడుగు పగిలిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు తెడ్ల బోట్లు ఏవీ దగ్గరికి వెళ్ళలేకపోయాయి. ఒడ్డున వేలమంది చూస్తున్నారు, ఓడ ముక్కలవుతోంది. చివరికి టైన్‌మత్ నుంచి మోటారు లైఫ్‌బోటు ఒకటి రాత్రంతా నలభైకి పైగా మైళ్ళు వచ్చి, అలల మీద నూనె పోసి శాంతింపజేసి, మిగిలిన 50 మందినీ తీసుకొచ్చింది. సుమారు 85 మంది పోయారు. బతికినవాళ్ళలో మేరీ రాబర్ట్స్ అనే నర్సు రెండేళ్ళ ముందు టైటానిక్ నుంచి కూడా బయటపడ్డ మనిషి. తెడ్ల బోట్ల రోజులు పోయాయని దేశానికి అర్థమైంది అక్కడే. విచిత్రమేమిటంటే విట్బీ మటుకు ఒక తెడ్ల బోటును 1957 దాకా ఉంచుకుంది, దేశంలో అదే ఆఖరిది.

ఇక ఇప్పటి బతుకు. జనాభా సుమారు 13 వేలు. ఓడలు కట్టడం పోయిందనుకుంటారు గానీ పూర్తిగా పోలేదు. నది ఒడ్డున పార్కోల్ అనే యార్డు ఇప్పటికీ చేపల వేట పడవలు కడుతోంది, వాటిలో చాలా స్కాట్లండుకు వెళ్తాయి. పై రేవంతా సరదా పడవల మెరీనా అయింది. కాడ్ చేప తగ్గిపోయాక జాలర్లు పీతలు, లాబ్‌స్టర్ల మీద పడ్డారు. 2021 శరదృతువులో టీస్ మొగ నుంచి విట్బీ దాకా పీతలూ లాబ్‌స్టర్లూ కుప్పలు కుప్పలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ప్రభుత్వం మొదట సముద్రంలో నాచు విపరీతంగా పెరగడం వల్లన్నది. జాలర్లు టీస్ రేవులో తవ్విన మట్టిలోంచి లేచిన పాత రసాయనాలన్నారు. 2023 జనవరిలో స్వతంత్ర నిపుణుల బృందం ఆ రెండూ కాకపోవచ్చు, తెలియని రోగమేదో అయ్యుండొచ్చు, ఖాయంగా చెప్పలేమన్నది. ఇసుక తోడించే పనిలో బతికినవాణ్ని గనక ఆ గొడవలో నా మాటకు విలువుండదు, ఉండకూడదు కూడా. కానీ వల ఖాళీగా వచ్చినవాడికి 'తెలియదు' అన్న జవాబు ఎలా ఉంటుందో మాత్రం ఊహించగలను.

కొండచరియ మూడోసారి కూడా ఇవ్వబోయింది. ఊరికి దక్షిణంగా, కిలోమీటరున్నర లోతున పాలీహాలైట్ అనే ఎరువు ఖనిజం ఉంది. సిరియస్ అనే కంపెనీ గని మొదలుపెడితే ఈ చుట్టుపక్కల మామూలు జనం కూడా షేర్లు కొన్నారు. డబ్బు సరిపోక 2020లో షేరు అయిదున్నర పెన్నీల లెక్కన ఆంగ్లో అమెరికన్ అనే గనుల కంపెనీ చేతికి పోయింది, చాలామంది దాచుకున్నది ఆవిరైంది. 2024లో కొత్త యజమానులు కూడా పని నెమ్మదింపజేశారు. మీ ప్రశ్నకు సంబంధించిన ముక్క ఒకటుంది ఇందులో: ఆ ఖనిజం బయటికొచ్చినా విట్బీ రేవు మొహం చూడదు. 37 కిలోమీటర్ల సొరంగంలో భూమికింద నుంచే టీసైడ్‌కి వెళ్ళిపోవాలని ప్లాను.

కాబట్టి ఇప్పటి సరుకు మీరూ నేనే, చూడ్డానికొచ్చే జనం. ఇది కొత్తదేం కాదు. 1836లోనే పికరింగ్ నుంచి రైలు, మొదట్లో గుర్రాలు లాగేది, ఇక్కడికొచ్చింది. తర్వాత రైల్వే షావుకారు జార్జ్ హడ్సన్ వెస్ట్ క్లిఫ్ మీద సెలవుల ఇళ్ళు మొదలుపెట్టాడు. ఎటొచ్చీ పటికకైనా జెట్‌కైనా పనివాళ్ళకి ఊళ్ళో ఇళ్ళుండేవి. ఈ సరుకుకి కావలసింది ఆ ఇళ్ళే. తూర్పు గట్టున ఎర్ర పెంకుల కప్పులతో ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుండే ఆ బుల్లి జాలరి ఇళ్ళు చాలావరకు సెలవులకి అద్దెకిచ్చేవి, లేదా ఎవరివో రెండో ఇళ్ళు. జనవరి రాత్రి ఓసారి ఆ సందుల్లో నడిచి చూడండి, ఎన్ని కిటికీల్లో దీపాలుంటాయో లెక్కపెట్టుకోవచ్చు. ఇక్కడ పుట్టిన కుర్రాళ్ళకి ఇక్కడ ఇల్లు దొరకదు. 2022 జూన్‌లో ఊళ్ళో ఓటు పెట్టారు, కొత్తగా కట్టే ఇళ్ళు ఏడాదంతా ఉండేవాళ్ళకే అమ్మాలా అని. 2,111 మంది అవునన్నారు, 157 మంది కాదన్నారు. చట్టపరంగా దానికి బలం లేదు. 2025 ఏప్రిల్ నుంచి మాత్రం నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్ రెండో ఇళ్ళకు పన్ను రెట్టింపు చేసింది.

మళ్ళీ వెళ్తానన్నారు కాబట్టి రెండు మాటలు. ఇక్కడ చాలా దుకాణాల్లో చేపలూ బంగాళదుంప ముక్కలూ గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. శాకాహారమని చిప్స్ కొనేముందు ఏ నూనె అని అడగండి, అడిగితే తప్పుగా అనుకోరు. నేను అడగడం మూడేళ్ళ తర్వాత నేర్చుకున్నాను, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పొట్లం విప్పాక ఆకాశం వైపు ఒక కన్నేసి ఉంచండి, సముద్రపు కాకులు చేతిలోది ఎత్తుకుపోతాయి. చరియల కింద జెట్ ఏరుకోవడానికి పోటు వచ్చే వేళ అసలు వెళ్ళొద్దు, వెనక్కి దారుండదు, పైనుంచి రాళ్ళూ పడతాయి. వీలైతే బస్సు మానేసి మిడిల్స్‌బ్రో నుంచి ఎస్క్ లోయ రైలెక్కండి. గంటన్నర పడుతుంది, రోజుకి కొన్నే ఉంటాయి. 1965 నాటికి మిగతా దారులన్నీ మూతపడ్డాక దేశపు రైల్వేలో ఈ ఊరికి మిగిలింది అదొక్కటే.

మే నెలలో వస్తే ఇంకో తమాషా. 1159లో వేటకొచ్చిన ముగ్గురు దొరలు ఒక అడవిపందికి ఆశ్రయమిచ్చిన సన్యాసి ఒకాయన్ని కొట్టి చంపారట. ఆయన పోతూ పోతూ క్షమించి, ఏటా రేవు ఒడ్డున కర్రలతో కంచె అల్లాలి, అది మూడు పోట్లకు ఆగాలి, లేదంటే మీ భూములు పోతాయని ప్రాయశ్చిత్తం విధించాడని కథ. ఏసు స్వర్గానికి వెళ్ళిన రోజుగా చేసుకునే అసెన్షన్ పండగ ముందురోజు పొద్దున్నే ఇప్పటికీ బురదలో కంచె అల్లి, కొమ్ము ఊది, మీకు సిగ్గుచేటన్న అర్థమొచ్చే పాత మాట మూడుసార్లు అరుస్తారు. 1981లో నీళ్ళు మరీ ఎక్కువై కుదరలేదంటారు.

దేనికైనా పోటు పట్టిక ముందు చూసుకోండి, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. నిండు పోటుకి రెండు గంటలు అటూ ఇటూ మాత్రమే ఊరి మధ్యలోని తిరుగుడు వంతెన పడవల కోసం తెరుచుకుంటుంది. 1908లో కట్టింది. మీరు వెళ్ళినప్పుడు అది మూసే ఉందంటే, బురదతో పాటు అదీ ఆటు వేళకి గుర్తే. ఈసారి పోటు వేళకి వెళ్ళి వంతెన పక్కన నిలబడండి. కార్లని ఆపేస్తారు, చిప్స్ పొట్లాలతో జనం రెండు గట్ల మీదా ఆగిపోతారు, రెండు రెక్కలూ నెమ్మదిగా పక్కలకి తిరుగుతాయి. లోపల్నుంచి పీతల బుట్టలు పేర్చుకున్న ఒక పడవ వస్తుంది, దానిమీద ఇద్దరు మనుషులుంటారు. అది దాటేదాకా ఎవరూ ఎటూ పోలేరు.